ఒకే నూలు, రెండు ముక్కలు: నిట్టింగ్‌కీ క్రోషాకీ తేడా చేత్తో తెలుసుకోవడం ఎలా

రెండు సూదులైతే నిట్టింగ్, ఒక కొక్కెం సూదైతే క్రోషా. ఇంతవరకు అందరికీ తెలిసిందే. కానీ ఈ ఒక్క మాట పట్టుకుని దుకాణానికి వెళ్తే ఏ నూలు కొనాలో తేలదు. పాపాయి టోపీ ఎందులో అల్లాలో, కూరగాయల సంచీ ఎందులో అల్లాలో అంతకన్నా తేలదు.

తేడా అంతా ఒక్క చోట ఉంది. నిట్టింగ్‌లో వరసలోని కుట్లన్నీ తెరిచి సూది మీదే ఉంటాయి. ముప్ఫై కుట్ల వెడల్పైతే ముప్ఫై లూపులూ అల్లిక పూర్తయ్యేదాకా అలాగే వేలాడుతుంటాయి. క్రోషాలో ఏ కుట్టుకా కుట్టు అక్కడే ముగిసిపోతుంది, కొక్కెం మీద మిగిలేది ఒక్క లూపు. గుడ్డ సాగడం, మందం, నూలు ఖర్చు, తప్పు దిద్దుకునే పద్ధతి, గుండ్రంగా అల్లడంలోని సుళువు, ఇవన్నీ అందులోంచే వస్తాయి. చదివితే సగమే అర్థమవుతుంది. ఒకే నూలుతో చెరో ముక్కా అల్లి పక్కపక్కన పెట్టుకుంటే మిగతా సగం చేతికి తెలుస్తుంది. రెండు సాయంత్రాల పని. ఒకే సాయంత్రం రెండూ మొదలుపెట్టకండి. నూలు పట్టుకునే తీరు వేరు కాబట్టి వేళ్లు తికమక పడతాయి.

ఏమేం కొనాలి

• 8 ప్లై కాటన్ నూలు, 100 గ్రాములు. చీటీ మీద డీకే అని కూడా ఉంటుంది. లేత రంగు తీసుకోండి. నలుపు, ముదురు నీలం రంగుల్లో కుట్లు కనబడవు. బొచ్చు నూలుదీ అదే ఇబ్బంది.
• 4 మిల్లీమీటర్ల నిట్టింగ్ సూదుల జత, 4 మిల్లీమీటర్ల క్రోషా సూది.
• మొన మొద్దుగా, కన్ను పెద్దగా ఉన్న సూది ఒకటి, కొసలు దాచడానికి.
• టేపు, కత్తెర, నాలుగు పిన్నీసులు, గ్రాముల్లో చూపించే వంటింటి తక్కెడ.

చెన్నైలో ఇవి దొరకడం కష్టమేమీ కాదు. ప్యారిస్ కార్నర్, షావుకార్‌పేట వీధుల్లోనూ టీ.నగర్‌లోనూ లేసులు, బొత్తాలు, ఫాల్స్ అమ్మే దుకాణాల్లో అడగండి. సూదులకు మరీ ఖరీదైనవి అక్కర్లేదు. నీలగిరుల్లో తయారయ్యే ‘పోనీ’ బ్రాండ్ అల్యూమినియం సూదులు నేర్చుకోవడానికి బాగా సరిపోతాయి.

కాటనే ఎందుకంటే, ఈ ఊళ్లో చివరికి వాడబోయేది అదే. కాటన్‌కి సాగే గుణం తక్కువ కాబట్టి నిట్టింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ల వేళ్లకి కాస్త శ్రమ. మరీ బిగుసుకుపోతుంటే కాటన్, అక్రిలిక్ కలిసిన నూలు తీసుకోండి. రెండు ముక్కలకూ ఒకే ఉండలోంచి వాడాలి, అది మాత్రం తప్పనిసరి.

కొనేటప్పుడు నంబర్ల దగ్గర మోసపోకండి. మన దగ్గర నిట్టింగ్ సూదుల మీద ఎక్కువగా పాత బ్రిటిష్ నంబర్లుంటాయి. అందులో 8 నంబరంటే 4 మి.మీ., 10 అంటే 3.25, 12 అంటే 2.75. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా లెక్క దీనికి తలకిందులు. అక్కడ 6 నంబరు 4 మి.మీ., 8 నంబరు 5 మి.మీ. అమెరికా నమూనాలో, అంటే ఎలా అల్లాలో చెప్పే రాతలో, 8 అని చూసి ఇక్కడ 8 నంబరు సూది కొన్నారంటే స్వెట్టర్ ఒంటికి ఎక్కదు. మిల్లీమీటర్లు చూసి కొంటే ఈ గొడవ ఉండదు.

మొదటి ముక్క: నిట్టింగ్

1. నూలు కొస నుంచి 75 సెంటీమీటర్లు వదిలి అక్కడ జారుముడి వేసి సూదికి ఎక్కించండి. కుట్టుకి సుమారు 2 సెం.మీ. చొప్పున 60, చివర దాచుకోవడానికి 15. ఈ లెక్క తప్పితే ఇరవయ్యారో కుట్టు దగ్గర కొస అయిపోయి అంతా మళ్లీ మొదలుపెట్టాలి.

2. సూది కుడిచేతిలో. ఎడమచేతి బొటనవేలి మీదుగా కొస, చూపుడువేలి మీదుగా ఉండ నుంచి వచ్చే నూలు. మిగిలిన మూడు వేళ్లతో రెండు పోగులనూ అరచేతిలో అదిమి పట్టండి. సూది మొనను బొటనవేలి లూపులోకి కింది నుంచి పైకి దూర్చి, చూపుడువేలి మీది నూలును అందుకుని, అదే లూపులోంచి వెనక్కి లాగండి. బొటనవేలు వదిలేసి మెల్లగా సర్దండి. ఒక కుట్టు ఎక్కింది. జారుముడితో కలిపి 30 ఎక్కించండి. కుట్లు సూది మీద అటూ ఇటూ జరిగేంత వదులుగా ఉండాలి. పీక పట్టినట్టు బిగిస్తే మొదటి వరసలో సూది దూరదు.

3. కుట్లున్న సూది ఎడమచేతికి మార్చండి. నిట్ కుట్టుకి నూలు వెనక ఉండాలి. కుడి సూది మొనను మొదటి కుట్టులోకి ముందు నుంచి వెనక్కి దూర్చండి. నూలును కుడి సూది కిందుగా తెచ్చి, పైకి తిప్పి, రెండు సూదుల మధ్యలోంచి లాగి పట్టండి. ఆ నూలుతో సహా కుడి సూదిని ముందుకు తీసి, పాత కుట్టును ఎడమ సూది మీంచి జార్చేయండి. వరసంతా ఇంతే. వరస అయ్యాక సూదులు చేతులు మారతాయి. ఇలా ఆరు వరసలు.

4. ఇప్పుడు పర్ల్, అంటే నిట్‌కి తిరగేసిన కుట్టు, నేర్చుకోవాలి. నూలు ముందుకి రావాలి. కుడి సూదిని కుట్టు ముందు భాగంలోంచి కుడి నుంచి ఎడమకి దూర్చి, నూలును సూది మీద పై నుంచి కిందికి చుట్టి, వెనక్కి నెట్టి, పాత కుట్టు జార్చండి. ఇక్కణ్ణుంచి ఒక వరస నిట్, ఒక వరస పర్ల్, మొత్తం 30 వరసలు.

5. మూసే ముందే, కింద తప్పు దిద్దే భాగంలో చెప్పిన జారిన కుట్టు అభ్యాసం చేసి చూడండి. మూసేటప్పుడు రెండు కుట్లు నిట్ చేసి, మొదటిదాన్ని ఎడమ సూది మొనతో ఎత్తి రెండోదాని మీదుగా దాటించండి. ఇంకోటి నిట్ చేయండి, మళ్లీ దాటించండి. చివరి కుట్టులోంచి నూలు కొస లాగేయండి. పై అంచు ముడుచుకుపోతోందంటే మరీ బిగించి మూస్తున్నారు. ఈ ఒక్క వరసకి 4.5 మి.మీ. సూది వాడితే సరిపోతుంది.

ఈ దశలో ఎక్కువమందికి వచ్చే చిక్కు ఒకటే: 30 కుట్లతో మొదలుపెట్టి పది వరసలయ్యేసరికి 34 అవుతాయి. కారణాలు రెండు. వరస మొదట్లో నూలును సూది మీదుగా వెనక్కి గట్టిగా లాగితే మొదటి కుట్టు రెండు కాళ్లూ పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తాయి, రెండింటినీ అల్లేస్తారు. నిట్ నుంచి పర్ల్‌కి మారేటప్పుడు నూలును రెండు సూదుల మధ్యలోంచి తేకుండా సూది పైనుంచి తెస్తే ఒక దొంగ కుట్టు పుడుతుంది, దాని కింద చిన్న చిల్లు కూడా పడుతుంది. నేర్చుకునే రోజుల్లో ప్రతి వరసా లెక్కపెట్టండి. విసుగే, కానీ పది వరసలు విప్పడం కన్నా నయం.

వరస మధ్యలో ఆపకండి. తలుపు బెల్లు మోగి లేచి వెళ్లొస్తే ఎటు వైపు అల్లుతున్నారో గుర్తుండదు. ఎలాగూ ఆపాల్సి వస్తే తిరిగి పట్టుకునేటప్పుడు నూలు వేలాడుతున్న సూది కుడిచేతిలో ఉండాలి.

రెండో ముక్క: క్రోషా

నర్సాపురం, పాలకొల్లు వైపు బంధువులున్నవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. అక్కడ ఆడవాళ్లు అల్లే లేసు ఇదే పద్ధతి, దారమే సన్నం. మనం లావు నూలుతో చేస్తున్నాం.

1. జారుముడి వేసి కొక్కెం దూర్చండి. నూలును కొక్కెం మీదుగా వేసి లూపులోంచి లాగితే ఒక గొలుసు కుట్టు. అలాంటివి 25. కొక్కెం మెడ దగ్గర కాకుండా లావుగా ఉన్న కాడ మీద లూపులు ఏర్పడాలి. మెడ దగ్గరే లాగేస్తే గొలుసు తాడులా బిగుసుకుని, పైన అల్లిన ముక్క విసనకర్రలా విచ్చుకుంటుంది. చేయి అలవాటయ్యేదాకా గొలుసుకి 4.5 లేక 5 మి.మీ. కొక్కెం వాడి, తర్వాత 4కి మారండి.

2. కొక్కెం మీదున్న లూపు లెక్కలోకి రాదు. కొక్కెం నుంచి రెండో గొలుసులో దూర్చి, నూలు అందుకుని లాగండి. కొక్కెం మీద రెండు లూపులుంటాయి. మళ్లీ నూలు అందుకుని రెంటిలోంచీ లాగేయండి. ఇది సింగిల్ క్రోషా. వరస చివరికి 24 రావాలి.

3. ఒక గొలుసు వేసి ముక్కను తిప్పండి. ఈసారి కింది వరస కుట్ల తలల మీద గొలుసు ఆకారం కనిపిస్తుంది, దాని రెండు పోగుల కిందుగా దూర్చాలి. ఒక్క పోగునే పట్టుకుంటే గుడ్డ మీద గీతలు లేస్తాయి. గీతలు కావాలని అలా అల్లే నమూనాలున్నాయి గానీ, తెలియక పడితే ఒక వరస ఒకలా, ఇంకోటి ఇంకోలా ఉంటుంది. ఇలా మొత్తం 12 వరసలు.

4. తర్వాత డబుల్ క్రోషా. మూడు గొలుసులు వేసి తిప్పండి. ఈ మూడూ కలిసి మొదటి కుట్టు కింద లెక్క. అందుకే మొదటి తల వదిలేసి రెండోదాంట్లో మొదలుపెట్టాలి. ముందు నూలును కొక్కెం మీద వేసుకుని, దూర్చి, లాగితే మూడు లూపులు. నూలు అందుకుని రెంటిలోంచి లాగండి, మళ్లీ అందుకుని మిగిలిన రెంటిలోంచి లాగండి. ఆరు వరసలు.

ముక్క వరసవరసకీ ఒక పక్కకి సన్నబడుతుంటే చివరి కుట్టు మర్చిపోతున్నారు. డబుల్ క్రోషాలో చివరి కుట్టు కింది వరస మొదట్లో వేసిన మూడు గొలుసుల తల మీద పడాలి. అది కుట్టులా కనబడదు కాబట్టి దాన్ని దాటేసి తిరిగిపోతారు. ఆ మూడో గొలుసుకి ఒక పిన్నీసు తగిలిస్తే మర్చిపోరు. ముక్క వెడల్పవుతుంటే తిరిగే గొలుసులున్న చోటే ఇంకో కుట్టు కూడా వేస్తున్నారన్నమాట.

నమూనా చదివేటప్పుడు ఇంకో ప్రమాదం. అమెరికా వాళ్లు సింగిల్ అనేదాన్ని బ్రిటన్ వాళ్లు డబుల్ అంటారు. అమెరికా డబుల్, బ్రిటన్‌లో ట్రెబుల్. మన దగ్గర రెండు రకాల నమూనాలూ చలామణీలో ఉన్నాయి. బ్రిటిష్ పద్ధతిలో సింగిల్ క్రోషా అన్న మాటే వాడరు కాబట్టి, నమూనాలో ఎక్కడైనా సింగిల్ కనిపిస్తే అది అమెరికాదే. ఈ వ్యాసంలో వాడినవీ అమెరికా పేర్లే.

పక్కపక్కన పెట్టి చూడండి

నిట్టింగ్ ముక్క సుమారు 14 సెం.మీ. వెడల్పు, 12 ఎత్తు వచ్చి ఉంటుంది. క్రోషా ముక్కా దాదాపు అంతే. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా మీ చేతి బిగువును బట్టి.

ముందు నిట్టింగ్ ముక్కను బల్ల మీద వదిలేయండి. కింది ఆరు వరసలు చదునుగా ఉంటాయి. పై భాగం మాత్రం రెండు పక్కలా వెనక్కి చుట్టుకుంటుంది, పై అంచు ముందుకు వాలుతుంది. మీ తప్పేమీ లేదు. నిట్ కుట్టు ముఖం వైపు నునుపు, వెనక గరుకు బుడిపెలు. ఒకే వైపు అన్నీ నునుపే ఉంటే రెండు వైపుల లాగుడూ సమానం కాక గుడ్డ మెలితిరుగుతుంది. కింది ఆరు వరసల్లో నునుపూ గరుకూ వరసమార్చి పడతాయి కాబట్టి సరితూగుతాయి. మఫ్లర్ అల్లేవాళ్లు అంచుల్లో మూణ్నాలుగు కుట్లు ప్రతి వరసలోనూ నిట్టే చేయడం అందుకే. ఎంత ఇస్త్రీ చేసినా, తడిపి పిన్నులు గుచ్చినా చుట్టుకోవడం పూర్తిగా పోదు. అంచు ముందే ఆలోచించుకోవాలి. క్రోషా ముక్కకి ఈ బాధ లేదు.

ఇప్పుడు రెండింటినీ అడ్డంగా లాగండి. నిట్టింగ్ ముక్క సాగి, వదిలితే చాలామటుకు వెనక్కి వస్తుంది. ఒక వరసంతా ఒకే నూలు అలలా పాకుతూ పోతుంది, లాగినప్పుడు అలలు చదునవుతాయి. క్రోషా కుట్టులో నూలు తన చుట్టూ తానే తిరిగి బిగుసుకుంటుంది, సాగడానికి చోటు తక్కువ. సింగిల్ క్రోషా భాగం అస్సలు కదలదు, డబుల్ భాగం కొంచెం వదులు. సాక్స్, టోపీ, స్వెట్టర్ మణికట్టు పట్టీ నిట్టింగ్‌లో అల్లడానికీ, సంచీ, టేబుల్ మ్యాట్ క్రోషాలో అల్లడానికీ ఇదే కారణం. నిట్టింగ్ సంచీలో రెండు కిలోల ఉల్లిపాయలు వేస్తే మోకాలి దాకా దిగుతుంది.

బనియనో టీషర్టో తీసుకుని వెలుతురులో దగ్గరగా చూడండి. నిట్టింగ్ ముక్క ముఖం మీదున్న వరస వరస వీ ఆకారాలే అక్కడా ఉంటాయి, సన్నగా. తిరుప్పూరు మిల్లుల్లో అల్లేది యంత్రపు నిట్టింగే. ఆ దారి 1589లో ఇంగ్లండ్‌లో విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రం చేసినప్పుడు మొదలైంది. క్రోషాకి మాత్రం చేతిపని జాగాలో నిలిచే యంత్రం బజారులోకి రానే లేదు. పాండీ బజార్‌లో క్రోషా టాప్ చవగ్గా దొరికిందంటే, అది అచ్చమైన క్రోషా అయితే, ఎవరిదో చేతి కష్టానికి ధర తగ్గిందన్నమాట.

తప్పు దిద్దడంలో ఎవరిది పైచేయి

క్రోషాలో తప్పు కనబడితే కొక్కెం తీసేసి, నూలు లాగి, తప్పు దాకా విప్పి, అక్కడున్న ఒక్క లూపులో మళ్లీ కొక్కెం దూరిస్తే చాలు. విప్పడానికి భయపడాల్సిన పనిలేదు. అయితే పది వరసల కింది తప్పు ఒక్కదాన్నే బాగుచేయడం కుదరదు. అక్కడిదాకా విప్పాల్సిందే.

నిట్టింగ్ ఇందుకు అటూ ఇటూ. సూది జారితే ముప్ఫై లూపులూ గాల్లో ఉంటాయి. జారిన ఒక్క కుట్టు నిలువునా దిగజారుతూ పోతుంది. కానీ ఆ నిలువు దారిని మిగతా గుడ్డ జోలికి పోకుండా తిరిగి ఎక్కించవచ్చు, దానికి కావలసింది క్రోషా సూదే. కావాలని ఒక కుట్టు జార్చి నేర్చుకోండి. ముక్క మూయకముందు, ముఖం మీ వైపు ఉన్నప్పుడు, మధ్యలో ఒక కుట్టును సూది మీంచి వదిలి మెల్లగా నాలుగు వరసలు దిగనివ్వండి. నిచ్చెన మెట్లలా నాలుగు అడ్డపోగులు కనబడతాయి. కింద మిగిలిన లూపులోకి ముందు నుంచి కొక్కెం దూర్చి, అన్నిటికన్నా కింది మెట్టును పట్టి లూపులోంచి ముందుకు లాగండి. తర్వాత దాని పై మెట్టు. నాలుగూ అయ్యాక లూపును ఎడమ సూదికి ఎక్కించండి. లూపు కుడి కాలు సూదికి ముందు వైపు ఉండాలి. అది వెనక్కి పోతే తర్వాతి వరసలో ఆ కుట్టు మెలిపడి కనిపిస్తుంది. మెట్టు ఒకటి తప్పితే వెనక వైపు అడ్డపోగు వదులుగా వేలాడుతుంటుంది, తిప్పి చూసుకోండి.

ఇది వచ్చాక నిట్టింగ్ అంటే భయం సగం తగ్గుతుంది. అందుకే నిట్టింగ్ మాత్రమే చేస్తామనేవాళ్లు కూడా సంచీలో ఒక క్రోషా సూది పెట్టుకోవాలి.

గుండ్రంగా, ముక్కలుగా

ఒక్క లూపే తెరిచి ఉంటుంది కాబట్టి క్రోషా ఎటైనా తిరుగుతుంది. సింగిల్ క్రోషాతో చదునైన చక్రం కావాలంటే మొదటి చుట్టు 6 కుట్లు, ఆపైన ప్రతి చుట్టులో 6 పెంచండి: 12, 18, 24, 30. డబుల్ క్రోషా అయితే 12తో మొదలుపెట్టి చుట్టుకి 12. చక్రం గిన్నెలా లోతుపడితే పెంచింది చాలలేదు, అంచు కుచ్చిళ్లు పోస్తే ఎక్కువైంది. బొమ్మలు అల్లడమంటే ఈ రెండు తప్పుల్నీ కావాలని, కావలసిన చోట చేయడమే. నిట్టింగ్‌లో గుండ్రంగా అల్లాలంటే కేబుల్‌తో కలిపిన జంట సూదులో, రెండు వైపులా మొనలున్న నాలుగైదు సూదులో కావాలి. కొత్తవాళ్లు రెండు నెలలు ఆగితే మంచిది.

చిన్న చతురస్రాలు విడివిడిగా అల్లి తర్వాత జోడించడంలోనూ క్రోషాదే సుళువు. 2016 జనవరి 31న చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ బృందం 11,148.5 చదరపు మీటర్ల దుప్పటితో గిన్నిస్ రికార్డు సాధించింది. ఎవరింట్లో వాళ్లు అల్లిన ముక్కలు ఒక్క దుప్పటి కాగలిగిన పద్ధతి ఇది.

ఏది ఎందులో అల్లాలి

ఊటీ, కొడైకెనాల్ ప్రయాణానికో, మార్గశిరంలో తిరుమల కొండ మీదికో, ఢిల్లీలో ఉన్న మనవడికో స్వెట్టర్ కావాలంటే నిట్టింగ్. తేలిగ్గా ఉంటుంది, ఒంటికి అమరుతుంది. గుమ్మానికి తోరణం, పూజ పీట మీదికి గుడ్డ, ఫోన్ పౌచ్, సంచీ, బొమ్మలు క్రోషా. వేడి గిన్నెలు దింపే గుడ్డ కూడా క్రోషాలోనే, సింగిల్ కుట్టుతో, అదీ కాటన్‌తో మాత్రమే. అక్రిలిక్ వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. పసిపిల్లల దుప్పటికి రెండూ పనికొస్తాయి గానీ, పెద్ద చిల్లుల క్రోషా నమూనాలు వద్దు, వేళ్లు ఇరుక్కుంటాయి.

నిట్టింగ్ నమూనాని కుట్టుకి కుట్టు లెక్కన క్రోషాలోకి మార్చలేరు. 4 మి.మీ.తో నిట్టింగ్‌లో 10 సెం.మీ.కి సుమారు 22 కుట్లు పడితే సింగిల్ క్రోషాలో పదహారు, పద్దెనిమిది దగ్గర ఆగుతాయి. ఎత్తు లెక్క ఇంకా వేరు. నచ్చిన దాన్ని దాని పద్ధతిలోనే అల్లండి.

ఎడమచేతివాటం వాళ్లు నిట్టింగ్‌ని మార్చుకోకుండా అందరిలాగే నేర్చుకోవచ్చు, రెండు చేతులూ పనిచేస్తాయి కాబట్టి. క్రోషాలో మాత్రం కొక్కెం ఎడమచేత్తో పట్టుకుని, అద్దంలో చూసినట్టు అంతా తిప్పుకోవాలి. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకి క్రోషా భారం ఒక్క చేతి మీదే పడుతుంది. అరగంటకోసారి ఆపి వేళ్లు చాపండి.

ఎంత నూలు కొనాలి

ముక్కలు విప్పేయకముందు తూచండి. అదే సైజుకి క్రోషా ముక్క, అందులోనూ సింగిల్ భాగం, ఎక్కువ బరువు తూగుతుంది. లెక్క ఇలా: నిట్టింగ్ ముక్క 14 × 12 సెం.మీ., అంటే 168 చదరపు సెం.మీ., బరువు 5 గ్రాములు అనుకుందాం. మఫ్లర్ 20 × 150, అంటే 3,000. 3,000ని 168తో భాగిస్తే సుమారు 18. దాన్ని 5తో గుణిస్తే 90 గ్రాములు. పదో వంతు అదనం కలిపితే 100, అంటే 50 గ్రాముల ఉండలు రెండు. వంటింటి తక్కెడ ఒక గ్రాము తేడా చూపించినా ఇంత చిన్న ముక్క మీద లెక్క ఐదో వంతు తప్పుతుంది. దుప్పటిలాంటి పెద్ద పనికి ముక్క రెండింతలు పెద్దది అల్లి తూచండి.

కొనేదంతా ఒకేసారి కొనండి, చీటీ మీది లాట్ నంబరు ఒకటేనా చూసుకుని. ఒకే రంగు పేరున్నా వేరే లాట్ అయితే పగటి వెలుతురులో అడ్డగీతలా తెలిసిపోతుంది. తెరవని ఉండ వాపసు తీసుకుంటారా అని ముందే అడిగి, ఒకటి ఎక్కువ తెచ్చుకోవడం మంచి అలవాటు.

ఈ ఊరి చెమట, ఈ ఊరి వాన

మే నెలలో చేతులకి చెమట పడితే నూలు వేళ్లకి అంటుకుని కుట్లు మీకు తెలియకుండానే బిగుస్తాయి. పొద్దున అల్లిన వరసలకీ మధ్యాహ్నం అల్లిన వరసలకీ తేడా కంటికి కనిపిస్తుంది. ఫ్యాన్ కింద కూర్చుని, పక్కన పొడి తువ్వాలు పెట్టుకోండి. ఒక పని మొత్తం రోజులో ఒకే వేళ అల్లితే ఇంకా మంచిది. కాటన్ నిట్టింగ్ తన బరువుకి తానే కిందికి సాగుతుంది కాబట్టి వేసుకునే బట్టలకి చీటీలో చెప్పిన దానికన్నా కాస్త సన్న సూది వాడండి.

పూత పోయిన ఇనుప సూదులు సముద్రపు గాలికి తుప్పు పట్టి లేత నూలు మీద మరక వదులుతాయి. అల్యూమినియం, వెదురు సూదులకి ఆ బెంగ లేదు. సగంలో ఉన్న పనిని వారం పైన పక్కన పెట్టాల్సి వస్తే కుట్లను సూది మీద వదలకుండా ఒక గట్టి దారానికి ఎక్కించి, జిప్ సంచీలో పెట్టండి.

ముక్క పూర్తయ్యాక 10 నుంచి 15 సెం.మీ. కొస వదిలి కత్తిరించి, మొద్దు సూదితో వెనక వైపు కుట్లలో దాచాలి. ఒకే దిక్కుకి దాచితే రెండు ఉతుకులకి బయటికొస్తుంది. నాలుగు కుట్లు ఒక వైపు, వెనక్కి తిరిగి మూడు ఇంకో వైపు వెళ్లండి. ముడి వేసి వదిలేయడం మాత్రం వద్దు.

ఉతికినవి దండెం మీద వేలాడేయకూడదు, ముఖ్యంగా నిట్టింగ్. తువ్వాల్లో చుట్టి అదిమి నీళ్లు తీసేసి, ఇంకో పొడి తువ్వాలు మీద కొలతకి పరిచి ఆరబెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో కాటన్ ముక్కకి రోజున్నర పట్టినా ఆశ్చర్యం లేదు. పూటకోసారి తిప్పి, ఫ్యాన్ గాలి తగలనివ్వండి, లేకపోతే ముక్కిన వాసన పడుతుంది. కాటన్ అయితే కొంచెం తడి ఉండగానే పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేయవచ్చు. అక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టె ఆనించకండి. ఒక్కసారి వేడి తగిలితే పీచు మెత్తబడి సాగే గుణం పోతుంది, ఇక ఎన్ని ఉతుకులైనా తిరిగి రాదు.